మూడు గొర్ల అక్షరం

ఆ కాలంల గల్ఫుకు పోయిన మా అసొంటోళ్లం నోటితోని కంటె చేతులతోనే ఎక్కువ మాట్లాడేది. తొంభైలల్ల నేను మస్కట్ పక్కన ఘాలా అనే జాగల గోదాములు కట్టే సైట్‌ల పనిచేసిన. అక్కడ వెల్డింగ్ చేసే చైనా ఆయన ఒకడుండె. అందరం చైనా మామ అనేది (వయసుకు నాకంటె నాలుగైదేండ్లే పెద్ద). ఒకనాడు ఆయన బ్రష్షుతోని తన హెల్మెట్ మీద వాళ్ల భాషల ఏందో రాసుకుంటుంటె, నాకు గూడ రాయమని నా హెల్మెట్ చాపిన. మీ ఇంట్ల ఏం పని చేస్తరని సైగ చేసిండు. మా నాయిన గొర్లు కాస్తడు. అది చేతులతోని ఎట్ల చెప్పాలె? నెత్తి మీద రెండు వేళ్లు పెట్టి, "మే" అని అరిచి, శాన ఉన్నయన్నట్టు చేతులు బార్లా చాపిన. ఆయన తలూపి, పైన ఒకటి, కింద రెండు, ఒక్క తీరే మూడు బొమ్మలు గీసిండు.

రూముల అడిగినోళ్లకు "సింహం అని రాసిండు" అని చెప్పిన. వారం దాక రుబాబుగానే నడిచింది. అప్పుడు మిషన్లు బిగించెతందుకు చైనా నుంచే ఒక ఇంజనీరు వచ్చిండు. నా హెల్మెట్ చూసి ఆగిపోయిండు. శాన పాత అక్షరమట, వాళ్ల దేశంల గూడ ఇప్పుడు రాసేటోళ్లు తక్కువట. ఆయన ఇంగ్లీషుల చెప్పింది మా హైదరాబాద్ ఫోర్‌మన్ భాయ్ విప్పి చెప్పిండు. "ఎదురుంగ నిలబడ్డ గొర్రె మొఖం, కొమ్ములతోని గీసిన్రు మియా. ఒక్కటైతె గొర్రె. మూడు ఒక్కతాన జేరితె గొర్ల వాసన."

సైటంత పడి పడి నవ్వింది. నాకు నవ్వు రాలె. బడిల పక్క పోరలు ముక్కు మూసుకునేది ఈ వాసనకే గద. కోపంతోని మామ దగ్గరికి పోయి, హెల్మెట్ చూపించి ముక్కు మూసుకున్న. ఆయన మొఖం చిన్నబోయింది. ఇంజనీరుతోని ఏందో మెల్లగ చెప్పిండు. అది భాయ్ నాకు చెప్పిండు. "ఆయన నాయినవి గూడ గొర్లేనట. ఊరికి పోంగనె ముందుగాల ఆ వాసనే ఎదురొస్తదట. నీకు గూడ ఇల్లు యాదికొస్తదని రాసిండట."

హెల్మెట్ మల్ల నెత్తిన పెట్టుకున్న. ఆ శుక్రవారం ఇద్దరం పొట్టేలు మాంసం తెచ్చి మా రూముల వండినం. ఆయన అల్లం ఎక్కువెయ్యాలంటడు, నేను కారమంట (మాట రాదు గనుక కొట్లాట లేదు). వాసనొస్తుంది, కిటికీలు తెరువున్రి అన్నోళ్లే గిన్నె ఊడ్చిన్రు.

కాంట్రాక్టు అయిపోయి ఆయన పోయేనాడు బస్సు దాక సంచి మోసిన. మొన్న మనవనికి ఇదంత చెప్తుంటె "ఆయన పేరేంది తాతా?" అన్నడు. నాకు నవ్వొచ్చింది. ఆయన నాయిన ఏం చేస్తడో తెల్సు, కూరల అల్లం ఎంత వడాలెనో తెల్సు. పేరు అడగాలన్న సోయి మాత్రం ఒక్కనాడు రాలె.