రెక్కల గుర్రానికి గడ్డి కోసేవాళ్లు

మా బావ పోయాడు. పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన ఆటో మా గుమ్మం ముందు ఆగింది. "పెద్దాయనా, మీ బావగారు పొద్దున్నే పోయారంట. మీ అక్క రమ్మంటంది" అన్నాడు ఆటోవాడు.

సమాధి దగ్గర ఒకాయన మాట్లాడుతూ, "ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి" అన్నాడు. అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. అన్నాడయ్యా. ఒక్కసారి అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట అక్కడే చెప్పాల్సింది. ఊరి బళ్లో నేర్చిన నాలుగక్షరాలతో ఇప్పుడు రాస్తున్నాను.

బావ నందిగామ సర్వే ఆఫీసులో ట్రేసరు. పొలాల పటాలకు నకళ్లు గీసేవాడు. జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన సగం బ్లేడు ఉండేది. గీత దాటితే దాంతో మెల్లగా గీకి, గోటితో నున్నగా రుద్దేవాడు. "గీత వెంట్రుకవాసి జరిగితే అన్నదమ్ములు కర్రలు తీస్తార్రా" అనేవాడు. అన్నం తింటూ కూడా పళ్లెంలో చారుకి కాలవలు తీసేవాడు. మా అక్క తిట్టేది.

ఎనభైల మొదట్లో, విజయవాడలో పిల్లల పుస్తకాలు వేసే ఒకాయన బావ చేతిపని గురించి విని కబురు పెట్టాడు. ఆయన పిల్లలకు కొత్త ఆట ఒకటి తెస్తున్నాడు. నలుగురు కూర్చుని ఒకరు యువరాజు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగత్తె అయిపోయి, వాళ్లలాగే మాట్లాడుతూ, పాచికలు వేసుకుంటూ ఆడాలి. దానికి ఎక్కడా లేని రాజ్యానికి పటం కావాలి. రంగులు లేవు, నలుపూ తెలుపే.

లేని రాజ్యమన్నా బావ చేతికి ఉన్నదే వచ్చింది. మా ఊరి మున్నేటి వంకర అలాగే దిగింది. కోట కొండ మీద పెట్టమంటే, "నీళ్లెవడు మోస్తాడు?" అని కిందికి దించాడు. బూడిద రంగు అచ్చులో పడదు గనక అడవి నీడలన్నీ సన్నగీతలతోనే నింపాడు. ఏడు పట్నాలు. ఏడింటికీ తూర్పున, ఊరికి మా గూడెం ఎంత ఎడంగా ఉందో అంత ఎడంగా, చిన్న గుడిసెలు. అక్కణ్ణుంచి పట్నానికి ఒక చుక్కల దారి.

పటం నలక్కుండా రేకు గొట్టంలో పెట్టుకుని నేనూ బావతో విజయవాడ వెళ్లాను. ఆయన చూసి మురిసిపోయాడు. అంతలో మొహం చిట్లించాడు.

"ఈ గుడిసెలేంటండీ, ప్రతి పట్నం పక్కనా?"

"మనుషులుండేవండి."

"రాజ్యమండీ ఇది! రెక్కల గుర్రం తిరిగే చోటు."

"గుర్రానికి రెక్కలుండొచ్చండి. దానికి గడ్డి కోసేవాడు ఉండకూడదా?"

ఆయన పగలబడి నవ్వాడు. "బాగా మాట్లాడతారే! పిల్లలాడుకునేది గానీ, గీకెయ్యండి."

బావ నా వైపు చూశాడు. నేను రేకు గొట్టం వైపు చూశాను. బావ జేబులోంచి బ్లేడు తీశాడు. ఒక్కో గుడిసే గీకాడు, గోటితో రుద్దాడు. నల్లటి పొట్టు పంచె మీద రాలింది. నెలరోజుల పనిలోంచి గుడిసెలన్నీ గంటలో పోయాయి.

బస్సులో ఉండబట్టలేక, "ఎందుకు గీకావు బావా?" అన్నాను.

"అక్కడ నీ నోటికేమైందిరా?"

ఆ పుస్తకాలాయన మీద నాకున్న కోపంలో సగం నా మీదే.

నందిగామలో దిగుతూ బావే అన్నాడు. "దార్లు గీకలేదు. చూసావా?"

పటం అలాగే అచ్చయింది. ఏడు చుక్కల దారులూ పట్నంలోంచి బయల్దేరి తెల్లకాగితం మీద ఆగిపోయాయి. పుస్తకాలాయనకు అవి కనపడనే లేదు. ఎందుకు కనపడతాయి? ఆ దారిన ఎప్పుడైనా నడిచిన మొహమా?

బావ ఇంటికి తెచ్చిన ఆటతో ఆడుకునే గూడెం పిల్లలకు కనపడ్డాయి. ఆటమధ్యలో, "మావయ్యా, ఈ దారి ఎటు పోద్ది?" అని అడిగేవాళ్లు. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన బావ, సిరా ఆరని వేలు ఆ దారి చివర ఆనించి, "మనింటికిరా" అనేవాడు.

మొన్న అక్క పెట్టె తీసి ఆ పటం నా చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోయింది. ఏడు దారుల చివరా, తెల్లగా ఉండాల్సిన చోట, ఏడు నల్లటి వేలిముద్రలు.