తాలీంలో నా జోడీ

గద్వాలలో సంస్థానం ఇంకా నడుస్తున్న రోజులవి. నాకు ముప్పై దాటాయి. గుంటమగ్గంలో కాళ్లు పెట్టి పొద్దంతా వంగి నేసేవాడి నడుము ఎట్లా ఉంటుందో మా ఇళ్లలో ఎవరినీ అడగనక్కర లేదు. పొద్దున లేచి నిలబడాలంటే గోడ పట్టుకునేవాణ్ణి. దవాఖానలో ఇచ్చిన ఎర్రమందు తాగాను, వావిలాకు కాపడం పెట్టించుకున్నాను. నడుము నా మాట వినలేదు.

మా వీధి చివర జట్కా తోలే సాయిబు ఉండేవాడు. నా ఈడువాడే. ఒకనాడు నేను గోడ వెంబడి వాకిట్లోకి రావడం చూసి బండి ఆపాడు.

"ఏంది బావా, గోడ పడిపోతదని పట్టుకున్నవా?"

"నడుము లేస్తలేదు భాయ్."

"మందుతోని లేవదు. తాలీంకు రా. నేను గూడ కొత్తగనే పోతున్న. ఒక్కణ్ణి పోతే పోరగాండ్లు నవ్వుతుండ్రు. ఇద్దరం పోతే జర తక్కువ నవ్వుతరు."

తాలీం అంటే కర్రసాము నేర్పే చోటు. నాలుగు గోడల నడుమ మెత్తని ఎర్రమట్టి, మూలన కర్రలు, అంతే. నేర్పే ఉస్తాదు ముసలివాడు. మమ్మల్ని కిందికీ మీదికీ చూసి, "పిల్లల పెండ్లిళ్లు చూస్కునే ఈడుల కట్టె పట్టుడేంది?" అన్నాడు. అంటూనే ఇద్దరినీ జోడీ కట్టాడు. ఆ తాలీంలో అదొక పద్ధతి. జోడీ కట్టాక ఒకడి దెబ్బ ఇంకొకడే కాయాలి. వాడు ఊపిరి ఎక్కడ పీలుస్తాడో వీడికి తెలియాలి.

సాయిబు కొట్టే ముందు కింది పెదవి కొరుక్కునేవాడు. అది కనిపెట్టిన నాటినుంచి నాకు దెబ్బ తగల్లేదు. "నువ్వు కట్టెను చూస్తలేవు, నా మూతి చూస్తున్నవు" అని గోల చేసేవాడు. సాము అయ్యాక బావి దగ్గర ఒకరి వీపు మీద ఒకరం నీళ్లు పోసుకొని, కాల్చిన పల్లీలు తింటూ కూర్చునేవాళ్లం. గుర్రం ఎక్కడ మొండికేసిందో, వనపర్తి దాకా ఎక్కించుకున్న పెళ్లివారు దారంతా ఎట్లా కొట్లాడుకున్నారో చెప్పి నవ్వించేవాడు. మగ్గం ముందు పుట్టి మగ్గం ముందే పెరిగిన నాకు, చుట్టం కాని మనిషి స్నేహితుడు కావడం అదే మొదలు. కొన్నాళ్లకు నడుమూ నిలబడింది. పీర్ల పండుగకు పీర్ల ముందర మా జోడీని ఆడిస్తానన్నాడు ఉస్తాదు.

అప్పుడే మా నాయన నేను నేసిన చీర అంచు మీద అరచేయి పెట్టి నిమిరాడు. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచు మాత్రం పట్టు.

"గిదేందిరా, అంచుకు నూగు లేచింది? పిల్లి గీరినట్లున్నది."

నా చేతులు చూపించమన్నాడు. కర్ర పట్టీ పట్టీ అరచేతులు కాయలు కాచి ఉన్నాయి. నూలుకు ఆ గరుకు లెక్క లేదు గానీ పట్టుపోగు అట్లా కాదు. వేలి మీది చిన్న పెచ్చుకు తగిలినా చీలి లేస్తుంది.

సాయిబుకు చెబితే ఆలోచించి, "నూనె రాయి బావా. మా గుర్రం జీనుకు గదే రాస్త. దూదిలెక్క ఐతది" అన్నాడు.

నువ్వులనూనె రాసుకొని పడుకున్నాను. పొద్దున సీకాయతో బాగా తోముకొనే మగ్గంలోకి దిగాను. ఎండ ఎక్కి చెమట పట్టేసరికి కాయల్లో దాగిన నూనె బయటికి వచ్చింది. అంచు పొడుగునా నా వేళ్ల మరకలు పడ్డాయి. అది ఎవరి ఇంటి పెళ్లికూతురికో చెప్పి నేయించుకుంటున్న చీర.

నాయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "లే, నేను కూసుంట" అని తానే గుంటలోకి దిగాడు. కళ్లు సరిగ్గా ఆనని మనిషి, పోగును మొహం దగ్గరికి తెచ్చుకొని వెతుక్కుంటూ నేస్తుంటే చూడలేకపోయాను. ఆ సాయంత్రమే ఉస్తాదు దగ్గరికి పోయి కర్ర మూలన పెట్టేశాను.

సాయిబు ఊరుకోలేదు. "నువ్వు రాకుంటేంది, నేనే వస్త" అన్నాడు. నిజంగానే పొద్దుగూకేవేళకు వచ్చి మగ్గం పక్కన కూర్చునేవాడు. కానీ కర్రలు లేనప్పుడు మా ఇద్దరికీ మాటలు అందలేదు. నేను పోగు మీది చూపు తిప్పేందుకు లేదు. ఆయన ఉత్తగా కూర్చునే మనిషి కాడు. గోడకు ఒరిగి కునికేవాడు.

"నీ మగ్గం సప్పుడు జోలపాట లెక్కున్నది బావా" అని లేచి పోయేవాడు. రోజూ వచ్చేవాడు వారానికొకసారి వచ్చాడు. తర్వాత మానేశాడు. పీర్ల పండుగకు ఉస్తాదు ఆయనకు ఇంకొకణ్ణి జోడీ కట్టాడని విన్నాను. ఆ ఏడు చూడ్డానికి పోలేదు.

"జర పిలువరాదు ఆ సాయిబును?" అనేది నా భార్య.

"ఏం పని ఉన్నదని పిలువాలె?"

ఆమె కండెకు నూలు చుట్టడం ఆపి నా మొహం చూసేది. నాకూ తెలుసు, మనిషిని పిలవడానికి పని అక్కర లేదని. కానీ మా వీధిలో ఎవరం అట్లా పిలిచి ఎరుగం. ఎట్లా పిలవాలో తెలియలేదు.

గుంటలో కూర్చున్నవాడికి వాకిటి ముందర పోయే బండి చక్రాలే కనబడతాయి, మనిషి కనబడడు. మా గడప ముందర సాయిబు జట్కా చక్రాలు కొంచెం నెమ్మదయ్యేవి. నేను కాళ్లు పైకి తీసుకొని, లేచి, బయటికి వచ్చేలోపల మలుపు తిరిగిపోయేవి.