తారీఖు అడిగే కంప్యూటరు

పక్కవాళ్ల సామాన్ల గురించి అడగడం నాకున్న చెడ్డ అలవాటు. కర్నూలు నుంచి కడప పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో కేకు డబ్బా లాంటి గుండ్రటి ప్లాస్టిక్ పెట్టె ఉంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకునేవాడు. ఏమిటని అడిగాను.

"డిస్కప్పా. బీరువా అంత పాత కంప్యూటరుది. మూతపడిన సిమెంటు ఫ్యాక్టరీలో ఉండాది. అంతా తుడిచేసి, ఆపరేటింగ్ సిస్టం మళ్లీ ఎక్కించుకొని పోతాండా."

"ఇప్పటికీ పనిచేస్తుందా?"

"శానా బాగా. లేస్తానే తారీఖు అడుగుతాది. ఇప్పటి సంవత్సరాలు ఒప్పుకోదు. అందుకే ఫ్యాక్టరీ నడిచిన చివరి దినం తారీఖు కొడతా." గొంతు తగ్గించాడు. "కొట్టినాక, పక్క బల్ల మీది తెర ముందర ఇంకొకరు పనిలో ఉన్నట్టు పేరు చూపిస్తాది. ఆ ఫ్యాక్టరీలో నాకు పని నేర్పినాయన పేరు. ఆయప్ప పోయి శానా ఏండ్లాయ."

"పాత డిస్కులో మిగిలిపోయిన పేరేమో."

"ఆ అనుమానంతోనేనప్పా ప్రతిసారీ తుడిచి ఎక్కించేది. అయినా వస్తాది."

"మరి మీరు వేరే తారీఖు కొట్టొచ్చు కదా?"

పెట్టె మూత మీద అరచెయ్యి పెట్టి నా వైపు చూశాడు.

"వేరేది కొడితే ఆయప్ప రాడు."

దువ్వూరులో ఒక్కడే దిగాడు. బస్సు కదిలేటప్పుడు చూస్తే, రోడ్డు పక్క అంగట్లో రెండు టీలు పార్సిల్ కట్టించుకుంటున్నాడు.