చేతులు ఆగేదాకా

లైబ్రరీలో నేను తిరగేసిన బొమ్మల పుస్తకాల్లో హాయిగా పడుకున్న ఆడవాళ్ళందరూ తెల్లవాళ్ళే. మా నల్లజాతివాళ్ళు ఎక్కడైనా కనబడితే వెనకాల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటారు. ఆ పుస్తకాలకు జవాబు చెప్పిన మనిషిని ఒక్కరినే చూశాను. ఆమె మిర్లాండ్ సాంటిల్.

హైతీ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. వారమంతా హోటల్లో వచ్చేపోయేవాళ్ళ పక్కలు సర్దుతుంది. శనివారం మాత్రం న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని తన ఒంటిగదిలో, విశ్రాంతిగా ఉన్న మా ఆడవాళ్ళ బొమ్మలు వేస్తుంది.

విశ్రాంతిగా కూర్చోవడం మావాళ్ళకు చేతకాదు. బొమ్మ అనగానే చర్చి టోపీ పెట్టి, తెల్ల చేతితొడుగులు తొడిగి కర్రలా బిగుసుకుంటారు. మా అమ్మ యోలెట్ కూడా అలాగే వెళ్ళింది. మిర్లాండ్ పచ్చి కందికాయల సంచి, ఒక గిన్నె ఆమె ఒళ్ళో పెట్టింది.

"రంగులు కలిపేలోగా కాస్త ఒలిచిపెట్టు అక్కా."

అదే ఆమె పద్ధతి. ఒలిచే చేతులు ఆగేదాకా కుంచె ముట్టదు. పదిహేడేళ్ళుగా జీతానికి పరాయి ముసలివాళ్ళను ఎత్తి దించిన అమ్మ చేతులు గిన్నె అడుగైనా నిండకముందే ఆగిపోయాయి.

బొమ్మ పూర్తయ్యాక చూసి అమ్మ మండిపడింది.

"నీ కుంచె విరగ! నోరు తెరుచుకుని నిద్రపోతున్నానేమే?"

"గురక కూడా పెట్టావు. అది వెయ్యడం రాక ఊరుకున్నా."

"నవ్వకు. రేపు చర్చి హాల్లో నీ బొమ్మలు పెడితే అందరూ చూస్తారు. యోలెట్ పని సగంలో వదిలేసి పడుకుందంటారు. గిన్నెలో గుప్పెడు గింజలైనా లేవు!"

మిర్లాండ్ మొహం వాడిపోయింది. "నేను వేసినవాటిలో ఇదే మంచిది. అయినా నువ్వు వద్దంటే పెట్టను."

"గిన్నె నిండా గింజలు వెయ్యి, ఒప్పుకుంటా."

"కంటితో చూడనిది నేను వెయ్యను అక్కా."

"చూడనిది వెయ్యవా? అయితే కాయలు పట్రా!"

అమ్మ కోటు విప్పి కూర్చుంది. గంటన్నరలో సంచి ఖాళీ. "ఇప్పుడు వెయ్యి," అంది.

మిర్లాండ్ ఆకుపచ్చ కలిపి తలెత్తేసరికి అమ్మ బూట్లు వదిలేసి మళ్ళీ నిద్రపోయింది. మిర్లాండ్ గిన్నె ఒక్కటే దిద్దింది. తెరుచుకున్న నోటి జోలికి పోలేదు.

మర్నాడు హాల్లో జనం ఆ మొహం దగ్గరే ఆగిపోయారు. అమ్మ మాత్రం ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుని గిన్నె చూపించింది.

"ఒక్క కాయ మిగిల్చానేమో చూసుకోండి!"