తొట్టిలో తొక్కిన దొరసాని కోటు

కువైట్‌కు వచ్చిన ఎనిమిదేళ్లలో నేను గరిటె పట్టిందే గానీ కత్తెర పట్టింది లేదు. మిష్రిఫ్‌లో ఒక పెద్ద ఇంట్లో వంట నా పని. అంతకుముందు రాయచోటి దగ్గర మా ఊళ్లో పదకొండేళ్లు జాకెట్లు కుట్టాను. చుట్టుపక్కల ఏ పెళ్లికూతురి జాకెట్‌కైనా చంక దగ్గర ముడత లేదంటే అది నా కుట్టేనని చెప్పుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే ఎక్కువగా నేనే చెప్పుకునేదాన్ని. ఇక్కడికి వచ్చాక ఆ గొప్పలు వినే దిక్కు లేకుండా పోయింది. ఇంటావిడను ఇక్కడ పనివాళ్లందరం మామా అంటాం. మా మామా లెక్కలో నేను వంటమనిషిని, అంతే.

మామాకు ఒక కూతురు, నేను పాప అని పిలుస్తాను. కాలేజీలో చదువుతుంది, గుర్రపు స్వారీ పిచ్చి, దాన్ని మించి పాతకాలపు బట్టల పిచ్చి. ఒక రోజు తన స్వారీ చొక్కా భుజం చిరిగితే నేను చేత్తో కుట్టి ఇచ్చాను. కుట్టు ఎక్కడుందో కనపడక పాప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మర్నాడు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అందులో ఒక ఇంగ్లీషు దొరసాని బొమ్మ. నీలం కోటు, లోపల చేతుల్లేని చిన్న కోటు, కింద నేల ఊడ్చే లంగా. రెండున్నర వందల ఏళ్ల కిందట ఆడవాళ్లు గుర్రమెక్కేటప్పుడు వేసుకున్న బట్టలట.

"ఇది కుట్టగలవా? మిషన్ వద్దు. అప్పట్లో ఎలా కుట్టారో అచ్చం అలాగే, అంతా చేత్తోనే" అంది.

నా నోరు నాకంటే ముందు నడుస్తుంది. కుట్టేస్తానని అనేశాను. పక్కన టీ తాగుతున్న మామా కప్పు కింద పెట్టింది. "సరే, కుట్టు. బాగా వస్తే మేడ మీది ఖాళీ గదిలో మిషన్ పెట్టిస్తాను. వంటకు ఇంకో మనిషిని చూసుకుంటాను, ఇంటిల్లిపాది బట్టలూ నువ్వే కుట్టొచ్చు. పాడు చేశావో, మళ్లీ నా దగ్గర కుట్టు మాట ఎత్తొద్దు" అంది. ఆ గది నాకు కావాలి. ఎంతగా కావాలో మామా నోట ఆ మాట వినేదాకా నాకే తెలియదు.

గుడ్డ జూలైలో వచ్చింది. పాప దాన్ని ఎక్కడో దేశంకాని దేశంలో నేయించి తెప్పించింది. ముదురు నీలం ఉన్ని గుడ్డ, ఐదు మీటర్లు, మేకపిల్ల చెవంత మెత్తన. అది నా చేతిలో పెట్టి పాప తండ్రితో పాటు సెలవులకు లండన్ వెళ్లిపోయింది. మామా మోకాలి నొప్పితో ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. కొత్త గుడ్డను తడపకుండా కత్తెర పెట్టడం మా ఇంటావంటా లేదు. లైనింగైనా, చీర ఫాలైనా ముందు నీళ్లలో నానాలి, గంజి వదలాలి, కుంచించుకునేది ఏదో ముందే కుంచించుకోవాలి. లేకపోతే కుట్టాక మొదటి ఉతుకులోనే జాకెట్ పట్టదు, మనకు తిట్లు పడతాయి. అందుకని పాప గుడ్డను స్నానాల తొట్టిలో వేసి కుళాయి తిప్పాను. కువైట్‌లో ఎండాకాలం చన్నీళ్ల కుళాయిలో కూడా టీ పెట్టుకునేంత వేడి నీళ్లు వస్తాయి. గుప్పెడు సబ్బు పొడి వేశాను. తీరా చూస్తే గుడ్డ బరువు, చేత్తో పిండడం నావల్ల కాలేదు. చుడీదార్ పైకి మడుచుకుని తొట్టిలోకి దిగి, ఊళ్లో దుప్పట్లు తొక్కినట్టు అరగంట తొక్కాను. పాట కూడా పాడుకున్నాను.

మిద్దె మీద ఆరేసి, ఎండాక టేపు పెట్టి కొలిచాను. నాలుగు మీటర్లకు జానెడు ఎక్కువ. అడ్డం పన్నా కూడా తగ్గింది. మెత్తటి గుడ్డ కాస్తా కంబళిలా మందమైంది. పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్లీ కొలిచాను, టేపు తప్పేమోనని వంటింట్లోని స్కేలుతోనూ కొలిచాను. గుడ్డ కొస పట్టుకుని లాగాను. అది నన్ను లాగింది గానీ తను సాగలేదు. మామాకు మోకాలి నొప్పి కాబట్టి మిద్దె ఎక్కదు, చూసి ఉండదు అన్న ఒక్క ధైర్యంతో దాన్ని మడిచి మంచం కింద దాచాను.

శుక్రవారం నాకు సెలవు. గుడ్డ సంచిలో కుక్కుకుని బస్సెక్కి మిర్కాబ్ వెళ్లాను. అక్కడ సూట్లు కుట్టే జగిత్యాల అన్న ఒకాయన ఉన్నాడు. ఇంట్లో చిరుగులకు దారం రీళ్లు కొనడానికి వెళ్లి వెళ్లి పరిచయం. కోటు సంగతీ గది సంగతీ ఆయనకు ముందే చెప్పుకున్నాను. నన్ను చూడగానే, "ఏందక్కా, మొఖం గట్లున్నది?" అన్నాడు.

"సచ్చినానన్నా. పాప గుడ్డ కుంచించుకోని పాయ. ఐదు మీటర్లు నాలుగయిపాయ. మామాకు తెలిస్తే ఇంగ నాకు గదీ ల్యా, కుట్టూ ల్యా."

"ఏం జేసినవ్?"

"తొట్లో ఏసి తొక్కినా."

"ఉన్ని గుడ్డనా? తొక్కినవా?" అని ఆయన నవ్విన నవ్వుకు పక్క దుకాణం వాళ్లు కూడా తొంగిచూశారు. నాకు ఒళ్లు మండింది. సంచి తీసుకుని లేవబోయాను. ఆయన ఆగమని, గుడ్డ మూల కాస్త కత్తిరించి గోటితో అంచు గీకాడు. ఒక్క పోగు ఊడలేదు.

"గిటు సూడు. దారం ఊడుతలేదు. మంచిగ గట్టిపడ్డది. గసొంటి కోటుకు గిట్లనే ఉండాలె, అంచు మడవకున్నా నిలవడ్తది. పాడైంది గుడ్డ గాదక్కా, కొలత."

"అయితే నువ్వే కోసీయన్నా."

"నేనెందుకు కోస్త? రేపు ఎవలు కుట్టిన్రని మీ మామా అడిగితె ఏం జెప్తవ్? సుద్ద వట్టు."

పాప స్వారీ చొక్కా కొలతకు పట్టుకెళ్లి, నెల పైగా ప్రతి శుక్రవారం ఆయన దగ్గర కూర్చున్నాను. జాకెట్ కుట్టే చేతికి కోటు అంత తేలిగ్గా లొంగదు. నా చేయి ఊరుకోక ఒంటికి పట్టేలా మడిచి కుట్టే డాట్లు పెట్టబోతుంది, ఆయన సుద్ద గీత చెరిపేస్తాడు. గుడ్డ చాలని చోట అతుకులు వేయడం మాత్రం నాకు ఆయన నేర్పనక్కర్లేదు. చేతికింద లోపలి వైపు రెండు ముక్కలు, కోటు కిందికి పోయే చోట లంగాకు మూడు ముక్కలు, చుట్టూ చూసినా కనపడకుండా అతికాను. అది చూసి అన్న సుద్ద పక్కన పెట్టాడు. టీ తెప్పించాడు.

సెప్టెంబర్‌లో పాప వచ్చింది. ఆ కాలంలో ఆడవాళ్ల మిగతా బట్టలన్నీ ఆడవాళ్లే కుట్టినా, ఈ స్వారీ కోటు మాత్రం మగవాళ్ల కోట్లు కుట్టే దర్జీలే కుట్టేవాళ్లని చెప్పింది. నేను సరైన గుమ్మమే తొక్కానన్నమాట. లంగా కట్టుకునేది ఎలా అని అడిగితే ముందొకటి వెనకొకటి బొందులు చూపించింది. జిప్పు లేదు, హుక్కు లేదు. గుర్రమెక్కే దొరసానికి కూడా బొందు లంగాయేనా అని నవ్వు ఆగలేదు.

కొలత చూడడానికి పాప లోపల ఆ కాలం దొరసానుల్లా పుల్లలు కుట్టిన గట్టి బాడీ వేసుకుని నిలబడింది. వంగి ఫోన్ తీసుకోవడం కూడా చేతకాలేదు. "గుర్రమెక్కేటోళ్లను నిలవెట్టి కొలుస్తరా? కూసోవెట్టు" అని అన్న ముందే చెప్పాడు. అందుకని సోఫా చెయ్యి మీద పాపను పక్కకు కూర్చోబెట్టి, నా చున్నీ కళ్లెంలా చేతికిచ్చి, భుజాల దగ్గర గుండుసూదులు పెట్టాను. అప్పుడే వచ్చిన మామా సోఫాను చూసి, "దీనికి మేత వేశారా?" అని అడిగి వెళ్లిపోయింది.

అదే రోజు పాప చేయి ఎత్తి చంక కింద అతుకు చూసింది. నేను గుండుసూదులు వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. పాప ఎగిరి గంతేసి ఫోన్లో ఏదో మ్యూజియంలోని కోటు చూపించింది. దానికీ సరిగ్గా అక్కడే అతుకులు. అప్పట్లో గుడ్డ పిసరు కూడా వృథా చేసేవాళ్లు కాదట. "నీకెలా తెలుసు?" అంది కళ్లు పెద్దవి చేసి. "తెలుసు" అన్నాను. ఆ అబద్ధం మాత్రం చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది. ఆ తర్వాత చెక్క బిళ్లలకు దారం చుట్టి ఇరవై నాలుగు గుండీలు చేశాను, ఇరవై నాలుగు కాజాలు కుట్టాను. కుట్టినంతసేపూ ఆ ముల్లు గుచ్చుతూనే ఉంది.

చలి మొదలయ్యాక ఒక శుక్రవారం పొద్దున ఊరి బయట గుర్రాల శాలకు అందరం వెళ్లాం. మామా, ఆమె చెల్లెళ్లు ఫ్లాస్కులతో కుర్చీల్లో కూర్చున్నారు. పాప రెండు కాళ్లూ ఒకే వైపు వేసుకునే జీను ఎక్కడినుంచో తెప్పించింది. నీలం కోటు తొడిగి, టోపీ పెట్టి, గుర్రమెక్కి కళ్లెం అందుకుంది. అందరూ గుర్రాన్ని చూస్తున్నారు, నేను చంక చూస్తున్నాను. ఒక్క ముడత లేదు. గుర్రం పరుగెత్తింది, కోటు అంచులు ఎగిరాయి, కుట్టు కదలలేదు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

"ఎవరు కుట్టారు? ఏ దుకాణం?" అని చెల్లెళ్లు అడిగారు. మామా నా వైపు చెయ్యి చూపించింది. గది మాట ఎత్తలేదు. నన్నే చూస్తోంది. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ చెప్పాను కదా, నా నోరు నా మాట వినదు.

"మామా, ఆ గుడ్డ నేను తొట్టిలో తొక్కాను. దాదాపు మీటరు పోయింది. ఆ అతుకులు నాకు తెలిసి వేసినవి కాదు, గుడ్డ చాలక వేసినవి" అన్నాను, అందరి ముందూ.

మామా సంచిలోంచి ఫోన్ తీసి చూపించింది. అందులో మా మిద్దె. తాడు మీద నీలం గుడ్డ, దాని కొస పట్టుకుని వేలాడుతున్న నేను. పక్కింట్లో ఉండే చెల్లెలు జూలైలోనే తీసి పంపిందట, మీ ఇంటి మీద ఈ జెండా ఏ దేశానిదని అడుగుతూ.

"అప్పుడే ఎందుకు అడగలేదు మామా?"

"అడిగితే ఏడ్చి ఆ గుడ్డను మూల పడేసేదానివి. ప్రతి శుక్రవారం సంచి పట్టుకుని మిర్కాబ్ వెళ్తుంటే చూశాను. సెప్టెంబర్‌లోనే ఆ గదిలో మిషన్ పెట్టించి తాళం వేశాను. నీ నోటితో నువ్వు చెప్పేదాకా తాళం ఇవ్వకూడదని ఆగాను" అని నా చేతిలో తాళంచెవి పెట్టింది. "ఖలాస్. ఏడుపు ఆపు."

నేను ఆపలేదు. చెల్లెళ్లు కాగితపు రుమాళ్లు అందిస్తూనే ఉన్నారు.

కొత్త వంటమనిషి ఆదివారం వస్తుంది కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం వంట నాదే. చేపల అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసేశాను. అందరూ నిమ్మకాయ పిండుకుని తిన్నారు. మామా మాత్రం రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఇంకొంచెం వడ్డించుకుంది.