చుక్క పడ్డ చీటీ

ఆస్పత్రి ల్యాబులో ఇరవై రెండేళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషిని అందరూ చుక్కమ్మ అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరుపట్టీలోనే మిగిలిపోయింది. స్లైడులో నలకలాంటిది కనబడి, అదేమిటో తేల్చుకోలేకపోతే ఆవిడ రోగి చీటీ మూలన ఎర్ర చుక్క పెట్టేది. కఫం మళ్లీ తెప్పించి మళ్లీ చూడాలని దాని అర్థం. అంతే, క్షయరోగమని కాదు. సగం చుక్కలు స్లైడు మీది రంగు సరిగ్గా కడగక పడ్డవే. ఆ సంగతి ఎవరికి కావాలి?

క్యాంటీన్ వదినకు మూడు వారాలుగా దగ్గు. వదినంటే చుక్కమ్మకు వరసకేమీ కాదు, పదిహేనేళ్లుగా పది గంటల టీ అందించిన చనువు. ఆమె చీటీ మీద చుక్క పడింది. అటెండరు మహానుభావుడు పేరు పెట్టి పిలిస్తే ఏం పోయేది? "చుక్క పడ్డవాళ్లు రండమ్మా, చుక్క పడ్డవాళ్లు!" అని వసారా అంతా దద్దరిల్లేలా అరిచాడు. వదిన లేచింది. పక్కనున్నావిడ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది.

రెండో స్లైడు శుభ్రంగా ఉంది. మూడోదీ అంతే. చుక్కమ్మ వంద చోట్ల జరిపి జరిపి చూసింది. ఆ రిపోర్టును వదిన క్యాంటీన్ గోడకు అంటించుకుంది. ఏం లాభం? నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు నర్సులు. రాసిచ్చింది స్నేహితురాలేగా అన్నాడు మందుల కొట్టాయన. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! అందరూ ఇంటి నుంచి ఫ్లాస్కులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. శుక్రవారం లోపు జనం రాకపోతే క్యాంటీన్ వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ఆఫీసు కబురు పంపింది.

గురువారం పొద్దున్నే వదిన ల్యాబు గుమ్మంలో నిలబడింది.

"ఒక్కసారి అందరి ముందూ వచ్చి టీ తాగిపోవే. నువ్వు తాగితే ఇంకెవరూ నోరెత్తరు."

"దానికి అడగాలా వదినా? పదింటికి వస్తాగా."

అన్నమాట ప్రకారమే వెళ్లింది. ఫ్లాస్కులవాళ్లంతా తలలు తిప్పారు. వదిన మరిగే టీ పోసి చేతికిచ్చింది. ఆ స్లైడులో ఏమీ లేదని చుక్కమ్మకు తెలిసినంత గట్టిగా ఈ లోకంలో ఎవరికీ తెలియదు. గ్లాసు పెదవుల దాకా వచ్చింది. అంచున టీపొడి నలుసొకటి కనబడింది. చెయ్యి ఆగిపోయింది.

"కాస్త చల్లారనీ వదినా," అంది, గ్లాసు బల్ల మీద పెట్టి.

సిగ్గేసిందని కూడా అనలేం. ఆమెకేమీ అనిపించలేదు, వేళ్లకు వేడి కూడా తగల్లేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకుని, ఫ్లాస్కులు సర్దుకుని వెళ్లిపోయారు.

టీ మీద మీగడ కట్టింది.

"చల్లారిందే," అంది వదిన మెల్లగా. "చూసేవాళ్లు కూడా ఎవరూ లేరు. ఇప్పుడైనా తాగు."

"స్లైడులున్నాయి వదినా," అని చుక్కమ్మ లేచింది.

వదిన ఆ టీ తనే తాగేసి, గ్లాసు కడిగి బోర్లించింది. తర్వాత గోడ మీది రిపోర్టును చిరగకుండా ఊడదీసింది.