ఒంట్లో నిలవైపోయిన విటమిన్

ఆ రోజు సముద్రం మీద గాలి లేచింది. మా ఆయన వెళ్లిన పడవ వేళకి రాలేదు. రేవులో ఆడవాళ్లంతా ఏడుస్తున్నారు. నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. భయం వేయలేదు. దాహం వేస్తోందని మాత్రం అనుకున్నాను. పొద్దుగూకే లోపు ఆయన క్షేమంగా ఒడ్డుకొచ్చారు. నేను లేచి నీళ్లు తాగడానికి ఇంటికి వెళ్లిపోయాను.

"అక్కకి ఏదో అయింది బావగారూ. మీరొస్తే కనీసం పలకరించలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లండి," అందట మా తోటికోడలు సత్యవతి.

అప్పటికి కొన్ని వారాలుగా ఆకలి లేదు. మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం. చేపలు అమ్ముతూ ఏ ధర చెప్పానో మరిచిపోయేదాన్ని. అలసట అనుకున్నాం.

రాజమండ్రిలో బ్లడ్ టెస్టులు చేయించారు. కాల్షియం బాగా ఎక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది.

"మందులేం వాడుతున్నారమ్మా?" అని డాక్టర్ గారు అడిగారు.

"మందులేం లేవండి. మోకాళ్ల నొప్పులకి విటమిన్ డి బిళ్లలే."

"వారానికి ఒకటేనా?"

"రోజూ అండి."

మొదట నాకు డి నిజంగానే తక్కువగా ఉండేది. వారానికొకటి చొప్పున రెండు నెలలు వేసుకోమన్నారు అప్పుడు చూసిన డాక్టర్. నొప్పులు తగ్గాయి. "బలం మందే కదక్కా, రోజూ వేసుకో," అంది సత్యవతి, నా మంచి కోరే. మందుల షాపులో అడిగినన్ని ఇచ్చేవారు.

"బి, సి విటమిన్లు నీళ్లలో కరుగుతాయమ్మా. ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. డి నిర్మాణం వేరు. అది కొవ్వులో కరిగి ఒంట్లో నిలవుంటుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మనిషి ఇలా మొద్దుబారిపోతారు. ఇంకొన్నాళ్లు ఆగితే కిడ్నీలు పోయేవి," అన్నారు డాక్టర్ గారు. మా ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. నాకు ఎవరో పరాయి మనిషి గురించి చెబుతున్నట్టుంది.

సెలైన్లు ఎక్కించారు, స్టెరాయిడ్ మాత్రలిచ్చారు. పాలు, పెరుగు, ముళ్లతో నమిలే చిన్న చేపలు మానేయమన్నారు. కాల్షియం దిగాక డిశ్చార్జ్ చేశారు. ఇంటికొచ్చాక మళ్లీ పెరిగింది.

"బిళ్లలన్నీ నేనే పారేశానండి!" అన్నారు మా ఆయన.

"మానేసినా కొవ్వులోంచి కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుందండి. టైమ్ పడుతుంది."

మళ్లీ అడ్మిట్ అయ్యాను. ఆ నెలలు ఎలా గడిచాయో సరిగ్గా గుర్తులేదు.

ఒక మధ్యాహ్నం పులుసులో ఉప్పు ఎక్కువైందని సత్యవతి మీద గట్టిగా అరిచాను. అది గరిటె పట్టుకునే ఏడ్చేసింది. "తిట్టక్కా. ఇంకా తిట్టు," అంది.

ఇప్పుడు మళ్లీ సంతలో కూర్చుంటున్నాను. కాల్షియం మామూలుగానే ఉంది. కిడ్నీలు మునుపటంత బాగా లేవు, అప్పుడప్పుడు టెస్ట్ చేయించుకోవాలి. మీకెవరైనా విటమిన్ రాస్తే, ఎలా వేసుకోవాలో అడగడంతో సరిపెట్టకండి. ఎప్పుడు ఆపాలో కూడా అడిగాకే కుర్చీలోంచి లేవండి.